గుడ్డ ఎంతని కాదు, నీడ ఎక్కడని అడగండి

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

2028లో కృష్ణా పుష్కరాలు. ఘాట్ల దగ్గరా, బస్టాండు నుంచి ఘాట్లకు నడిచే దారుల్లోనూ చలువ పందిళ్లు వేయక తప్పదు. ఈసారి తాటాకు కన్నా, లాగి బిగించి కట్టే టెన్సైల్ గుడ్డకే మొగ్గు ఉంటుందని నా అంచనా. టెండరు కాగితం తయారుకాక ముందే కొన్ని మాటలు మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం.

మన ఊళ్లలో ఈ పని చదరపు అడుగుల లెక్కన సాగుతుంది. ఇంత గుడ్డ, ఇన్ని స్తంభాలు, ఇంత రేటు. నీడ ఎక్కడ పడుతుందన్న ప్రశ్నే రాదు. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు నీడ పందిరి కిందే పడుతుంది, ప్రారంభోత్సవం ఫొటోలూ బాగా వస్తాయి. సాయంత్రం నాలుగింటికి చూడండి. నాలుగు మీటర్ల ఎత్తున కట్టిన గుడ్డ నీడ దాదాపు ఆరు మీటర్లు తూర్పుకు జరిగిపోతుంది. బెంచీలు ఎండలో, నీడ రోడ్డు మీద! ఆగస్టు మొదట్లో సూర్యుడు మళ్లీ అదే దారికి వస్తాడు. 2016లో పుష్కరాలు జరిగిందీ ఆగస్టులోనే. పడమటి అంచును తల తగలనంత మేరకు దించినా, బెంచీలను కాస్త తూర్పుకు జరిపినా చాలు. దీనికి అదనంగా ఖర్చయ్యేది కాగితం మీద ఒక పూట పని.

ఆగస్టంటే వాన కూడా. బల్లపరుపుగా కట్టిన గుడ్డ మీద నీళ్లు నిలుస్తాయి, ఆ బరువుకు గుడ్డ కుంగుతుంది, కుంగినచోట ఇంకాసిని నీళ్లు చేరతాయి. చివరికి చిరుగుతుంది. ఎదురెదురు మూలలు రెండు ఎత్తుగా, మిగతా రెండు పల్లంగా లాగి కడితే గుర్రపు జీను ఆకారం వస్తుంది. అందులో గుడ్డ ఒక వరసన పైకి, అడ్డ వరసన కిందికి బిగిసి ఉంటుంది కాబట్టి గాలికి కొట్టుకోదు, నీరూ జారిపోతుంది. అందం కోసం పెట్టిన వంపు కాదది.

మామూలు షెడ్డు పునాది ప్రధానంగా బరువు మోస్తుంది. గుడ్డ పందిరి పునాది, గాలి పైకి లాగినా ఊడి రాకుండా పట్టుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైనుకు తీసుకోవలసిన మూల గాలివేగం విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది; దాదాపు 30 శాతం ఎక్కువన్నమాట. హైదరాబాదులో గీసిన డ్రాయింగు తెచ్చి ఇక్కడ నిలబెడితే కుదరదు.

సిగ్నళ్ల దగ్గర ఎండాకాలం కట్టే ఆకుపచ్చ వలను తీసిపారేయనక్కర్లేదు. వేడిగాలి దాని కన్నాల్లోంచి పైకి పోతుంది. వానను మాత్రం ఆపలేదు. పీవీసీ పూత గుడ్డ ఆపుతుంది గానీ, పైన దారి వదలకపోతే కింద ఉక్క. జెడ్డా విమానాశ్రయంలో 1981లో పూర్తయిన హజ్ టెర్మినల్‌లో 45 మీటర్ల చదరపు గుడారాలు 210 ఉన్నాయి. ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ ఖాన్ పాలుపంచుకున్న నిర్మాణమది. ప్రతి గుడారం శిఖరాన వేడి గాలి పోవడానికి తెరిపి ఉంచారు. అక్కడ వాడిన టెఫ్లాన్ పూత గ్లాస్‌ఫైబర్ మనకు అక్కర్లేదు, ఖరీదెక్కువ. ఆ తెరిపి మాత్రం కావాలి.

గుడ్డ క్రమంగా సాగుతుంది కాబట్టి మళ్లీ బిగించే బాధ్యతా, దాని ఖర్చూ ఒప్పందంలోనే రాయించండి. టెండరులో నీడ పటం కూడా అడగండి: మే, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం రెండింటికీ, సాయంత్రం నాలుగింటికీ నీడ ఎక్కడుంటుందో గీసి చూపాలి. అది ఇవ్వని వారి రేటు కవరు తెరవకండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు, విజయవాడ