ఈల పట్టిన చెయ్యి వణికినప్పుడు



మహబూబాబాద్ దగ్గరి ఒక పల్లె నుండి ఒక తమ్ముడు ఉత్తరం వ్రాశాడు. డిగ్రీ చదువుతున్నాడట. ఈసారి క్రిస్మస్ సెలవుల్లో చుట్టుపక్కల సంఘాల యౌవనస్థులకు ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారు. ఆడేవాళ్ళు దొరికారు, బంతి దొరికింది, రిఫరీ మాత్రం దొరకలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు నాలుగేళ్ళు ఆ ఆట ఆడినవాడు గనుక అయ్యగారు ఇతని చేతికి ఈల ఇచ్చారు. "అన్నా, ఒప్పుకొన్ననాటి నుండి నాకు నిద్ర పట్టడం లేదు. మా పెదనాయన కొడుకులిద్దరు ఒక జట్టులో ఉన్నారు. జనం తిడతారని భయంగా ఉంది. ఈ భయం పోవడానికి ఏమి చేయాలో చెప్పగలరు" అని అడిగాడు.

చదివి మొదట నవ్వు వచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. ఆ ఈల నేనూ పట్టినవాణ్ణే. జనగామలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. వ్యాయామ శిక్షణ ఏదీ నాకు లేదు. ఒకనాడు మా డ్రిల్లు మాస్టారు జ్వరంతో పడుకొంటే ఆయన ఈల తాడు నా మెడలో వేశారు. వేసినవారు మళ్ళీ తీయలేదు. మన వైపు కబడ్డీకీ వాలీబాల్‌కూ ఊరూరా అంపైర్లు దొరుకుతారు. వాళ్ళ పని తక్కువదని అనను గాని, వాళ్ళు గీత పక్కన నిలబడి చూడవచ్చు. ఫుట్‌బాల్ రిఫరీ ఇరవై ఇద్దరి మధ్యన పరుగెత్తుతూ చూడాలి. పెద్ద పోటీలలో తొంభై నిమిషాలకు రిఫరీ పది కిలోమీటర్ల దాకా తిరుగుతాడు. ఆయాసపడుతూ, కంట్లో చెమట పడుతుండగా తీర్పు చెప్పాలి. కుర్చీ లేని కచేరీ అది.

తమ్ముడూ, నీకు ముందుగా ఒక మాట చెబుతాను. ఈ భయం పోదు. నాకు పోలేదు. పోతుందని చెప్పి నిన్ను మైదానంలోకి దింపితే, అక్కడ కాళ్ళు వణికినప్పుడు "నాలోనే ఏదో లోపమున్నది" అనుకొంటావు. గుండె దడదడలాడడం, నోరెండిపోవడం, అరచేతులు చెమర్చడం రోగం కాదు. పరుగుకూ పోరాటానికీ శరీరం సిద్ధపడే తీరు అది. ఆడేవాళ్ళకూ అలాగే ఉంటుంది. వాళ్ళు బంతి తన్ని దాన్ని తీర్చుకొంటారు, నీకు తన్నడానికేమీ ఉండదు, అంతే తేడా.

అయితే భయంలో నేను చాలా ఆలస్యంగా తెలుసుకొన్న సంగతి ఒకటి ఉన్నది. దాని కోసమే ఈ నెల ఈ శీర్షిక.

2003 డిసెంబరులో మానుకోట వైపు ఒక ఊళ్ళో పోటీలు జరిగాయి. ఊరి పేరు చెప్పను. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒక్క వరంగల్ జిల్లాలోవే. వేరువేరు జిల్లాలైంది 2016 అక్టోబరులో. ఆఖరి ఆట ఆ ఊరి జట్టుకూ భూపాలపల్లి నుండి వచ్చిన జట్టుకూ పడింది. ఆ వచ్చినవాళ్ళు బొగ్గుబావుల్లో పనిచేసే కుటుంబాల పిల్లలు. తెల్లవారుజామునే బయలుదేరి పరకాల, వరంగల్ మీదుగా ఒక వ్యానులో చలికి ముడుచుకొని వచ్చారు. వాళ్ళ తరఫున కేక వేయడానికి ఆ వ్యాను డ్రైవరు తప్ప ఎవరూ లేరు. ఊరి జట్టుకు ఊరంతా ఉన్నది. గట్టు మీద, వేపచెట్టు కొమ్మల మీద, ట్రాక్టరు ట్రాలీలలో ఎక్కడ చూచినా జనమే.

ఊరి జట్టు ఒక గోల్ ముందున్నది. ఇంకా నాలుగైదు నిమిషాల ఆట ఉన్నది. భూపాలపల్లి పిల్లవాడొకడు తన్నిన బంతి తిన్నగా గోల్‌లోకి పోతుంటే, ఊరి జట్టువాడు చెయ్యి చాచి దాన్ని పక్కకు కొట్టాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. చూశాను. ఈల పెదవుల మధ్యనే ఉన్నది. ఊదలేదు.

ఎందుకు ఊదలేదని తరువాత ఎన్నోసార్లు నన్ను నేను అడుగుకొన్నాను. డబ్బు తీసుకోలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ ఒక్క క్షణంలో గట్టు మీది జనమంతా నా కళ్ళ ముందు మెదిలారు. "సరిగా కనబడలేదులే" అని లోపల ఎవరో అన్నట్లయింది. కనబడింది. ఆట ముగిసింది. బంతి తన్నిన ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. పదిహేనేళ్ళుంటాయేమో. బూట్లు లేవు, కాలి బొటనవ్రేలికి గుడ్డ పీలిక చుట్టి ఉన్నది.

"సార్, మీరు చూసిండ్రు గద?" అన్నాడు.

"లేదు బాబూ, మధ్యలో ఎవరో అడ్డమొచ్చారు" అన్నాను.

అతడు మారు మాట్లాడలేదు. వంగి ఆ పీలిక విప్పుకొని వ్యాను వైపు నడిచిపోయాడు. ఆ సాయంత్రం ఊరివాళ్ళు వేదిక మీదికి పిలిచి నాకు శాలువా కప్పారు.

అంతవరకు నా భయం నా సొంత బాధ అనుకొనేవాణ్ణి. అరిచేతి చెమట, కడుపులో తిప్పుడు, ఆట అయిపోతే పోయేది అనుకొనేవాణ్ణి. ఆ రోజు నా భయానికి నష్టపోయింది నేను కాదు, ఆ పిల్లవాడు. భయపడిన రిఫరీ ఇటో అటో ఊరికే తప్పులు చేయడు. అతని తప్పులు ఎప్పుడూ ఒకే వైపు, జనం ఎక్కువున్న వైపు ఒరుగుతాయి.

ఇది నా ఒక్కడి బలహీనతేనని చాలాకాలం సిగ్గుపడ్డాను. తరువాత ఒక సంగతి చదివాను. 2002లో ఇంగ్లండులో పరిశోధకులు శిక్షణ పొందిన నలభైమంది రిఫరీలకు ఒకే ఆట వీడియో చూపించారు. కొందరికి జనం కేకలతో, కొందరికి ఏ చప్పుడూ లేకుండా. కేకలు వింటూ చూచినవారు సొంత మైదానపు జట్టు మీద ఇచ్చిన ఫౌళ్ళు, నిశ్శబ్దంగా చూచినవారు ఇచ్చిన వాటికంటే సుమారు 15 శాతం తక్కువ. గదిలో కూర్చున్నవారికే, తిట్టేవాడు ఎదుట లేనప్పుడే అలా అయితే, గట్టు మీద ఊరంతా నిలబడి ఉన్నప్పుడు చెప్పనక్కరలేదు. 2020లో కరోనా వలన ఐరోపాలో ఖాళీ మైదానాలలో ఆటలు జరిపినప్పుడు కూడా, సొంత జట్లకు రిఫరీల దగ్గర దొరికే మొగ్గు తగ్గిందని లెక్కలు తేల్చాయి.

జనం కేకల మాట వచ్చింది గనుక మన హైదరాబాదు వారిని తలచుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్ ఆడింది. ఆ పోటీలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి ఒకరు తప్పుపట్టారని ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియంలో లక్షమంది వరకు కూర్చొని మన జట్టును గేలి చేశారు. అయినా దక్షిణ కొరియాను 2–1తో గెలిచారు. రహీమ్ అప్పటికే క్యాన్సరుతో ఉన్నారు, మరుసటి ఏడే పోయారు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవాడు. ఆయన తరువాత ఈల పట్టి ఫిఫా రిఫరీ అయి, 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పులో ఆటలు నడిపారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకొని, 2021లో కన్నుమూశారు. ఆ తండ్రి ఇంట్లో పెరిగినవానికి జనం కేక అంటే ఏమిటో తెలియకుండా ఉండదు. తెలిసీ రిఫరీ అయ్యాడు. మన పల్లె పోటీకి ఈ పెద్దల కథ ఎందుకని అనవచ్చు. నాకైతే మైదానంలోకి దిగేముందు ఒక్కొక్కసారి గుర్తు వస్తుంది.

ఇక తమ్ముడు అడిగిన పని సంగతి. అందరికంటే ముందు వెళ్ళు. ఎవరూ లేని మైదానం చుట్టూ ఒకసారి నడు. గుంటలు, రాళ్ళు, గోల్ కర్రలు, సున్నపు గీతలు చూచుకో. నీవు ముందే నడిచిన నేల మీద కాళ్ళు తక్కువ వణుకుతాయి. తరువాత రెండు చుట్లు పరుగెత్తి చెమట పట్టించుకో. గుండె దడ ఎలాగూ రావలసిందే, అది పరుగు వలన వచ్చిందైతే మనసు కంగారుపడదు. ఊపిరి తీసుకొన్నదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు విడువు. పదిసార్లు అలా చేస్తే గుండె వేగం కొంత దిగుతుంది. నేను ప్రార్థన కూడా చేసుకొని దిగుతాను. ప్రార్థన చేశాను గదా అని నియమాల పుస్తకం చదవకుండా మాత్రం పోవద్దు. నాకు సగం భయం నియమం సరిగా తెలియకపోవడం వలననే ఉండేదని తరువాత గ్రహించాను.

రెండు ఈలలు పెట్టుకో. నోరెండినప్పుడు ఊపిరి చాలదు, లోపలి గింజ ఇరుక్కొంటే మోగదు. కెనడాకు చెందిన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే బాస్కెట్‌బాల్ రిఫరీకి 1984లో బ్రెజిల్‌లో, వేలాదిమంది ఎదుట, సరిగ్గా అవసరమైనప్పుడే ఈల మోగలేదు. జనం రేగిపోయారు. ఆ అవమానం మరువలేక ఆయన గింజ లేని ఈల చేయించి 1987లో బజారులోకి తెచ్చాడు. ఇప్పుడు లోకమంతటా రిఫరీలు దాన్నే వాడుతున్నారు. మన దుకాణాల్లోనూ దొరుకుతుంది.

ఆట మొదలైన తరువాత బంతికి దగ్గరగా ఉండడమే అసలు మందు. దూరంగా ఉండి సరైన తీర్పిచ్చినా ఎవరూ నమ్మరు, నీకే నమ్మకం ఉండదు. మొదటి పది నిమిషాలలో కనబడిన ఫౌల్‌ను వదలకు. గట్టిగా ఊది, చెయ్యి పూర్తిగా చాచి చూపించు. సగం చాచిన చెయ్యి చూస్తే జనానికి నీ భయం తెలిసిపోతుంది. చూడడానికీ ఊదడానికీ మధ్య ఒక్క క్షణం ఆగు, రెండు క్షణాలు ఆగకు. నా ఆ రెండో క్షణంలోనే ఊరంతా వచ్చి కూర్చున్నది.

తప్పు తీర్పు ఇచ్చానని తెలిస్తే ఏమి చేయాలి? ఆట తిరిగి మొదలుకాకముందైతే మార్చుకోవచ్చు, నియమం ఒప్పుకొంటుంది. మొదలైన తరువాత అది అయిపోయినట్లే. ఇటు తప్పు చేశాను గనుక అటు కూడా ఒకటి చేసి సరిచేద్దామని అనుకోవద్దు. నేను అదీ చేశాను. ఒకరికి చేసిన అన్యాయం రెండోవానికి కూడా చేసినట్లయింది తప్ప లెక్క సమం కాలేదు. లెక్కల మాస్టారిని, నాకే తెలియకపోయె.

మీ పెదనాయన కొడుకుల సంగతి ఇప్పుడే అయ్యగారితో చెప్పు. ఆ ఒక్క ఆటకు వేరొకరిని పెట్టమను. వేరొకరు దొరకకపోతే, నాణెం ఎగరవేయకముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి వాళ్ళు నాకు అన్నదమ్ములని నీ నోటితో చెప్పు. ఆట మధ్యలో ఎవరో అరిచి చెప్పేదానికంటే అది ఎంతో నయం.

ఆ తరువాతి ఏడు జనగామలోనే ఒక పోటీలో మా ఊరి జట్టు మీద పెనాల్టీ ఇచ్చాను. ఈల పట్టుకొన్న చెయ్యి కనబడేటట్లు వణికింది. ఒక ముసలమ్మ గీత దాటి వచ్చి "నీ కండ్లు పోయినయా మాస్టరూ" అని చెడామడా తిట్టింది. మరునాడు కూరగాయల దగ్గర ఎదురుపడి, "నిన్న గట్టిగనే తిట్టినగని, వాడు చేతితోనే కొట్టిండు, నేనూ చూసిన" అన్నది. ప్రతిసారీ ఇలా ఒప్పుకొంటారని ఆశపెట్టుకోకు. చాలామంది ఒప్పుకోరు. నాతో మాట్లాడడం మానుకొన్నవారు ఇప్పటికీ ఇద్దరున్నారు.

భూపాలపల్లి పిల్లవాని పేరు నేను ఆనాడు అడగలేదు. ఇప్పుడు నలభైకి దగ్గరపడి ఉంటాడు. ఆ శాలువా మా ఇంట్లో పెట్టె అడుగున ఉన్నది, ఒక్కసారీ కప్పుకోలేదు.

తమ్ముడూ, ఆట అయిన తరువాత మరల ఒక ఉత్తరం వ్రాయి. ఎవరు తిట్టారో, ఎవరు మెచ్చుకొన్నారో వ్రాయనక్కరలేదు. ఏ నిమిషంలో ఏమి చూశావో, అప్పుడు ఈల ఊదావో లేదో, అది వ్రాయి.