మీటలు అవే, మారియో మారాడు

2003 నవంబరులో ఓ జపాన్ ఆటగాడి వీడియో ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా చక్కర్లు కొట్టింది. మొరిమోతో అనే పేరుతో తెలిసిన ఆ ఆటగాడు 'సూపర్ మారియో బ్రదర్స్ 3'ని 11 నిమిషాల 3 సెకన్లలో ముగించేశాడు. తూటాల మధ్య నుంచి వెంట్రుకవాసిలో తప్పుకుంటూ, శత్రువుల తలల మీదే గెంతుకుంటూ సాగిపోయే మారియోను చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. అది ఏకబిగిన ఆడిన ఆట కాదనీ, ఎమ్యులేటర్‌లో నెమ్మదిగా నడిపి, తప్పు జరిగిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి, 40 వేలకు పైగా దిద్దుబాట్లతో కూర్చినదనీ తెలిశాక అదే జనం మోసమని గగ్గోలు పెట్టారు.

ఈ విద్యను టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, పొట్టిగా టాస్ అంటారు. మనిషి వేళ్లకు సాధ్యమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ యంత్రంలో, ఆ ఆటలో సాధ్యమా అన్నదే ప్రశ్న. గొడవ రేగిన మరుసటి నెలలోనే ఫిన్లండ్‌కు చెందిన జోయెల్ ఇలిలువోమా ఇలాంటి ఆటల కోసం ఓ వెబ్‌సైట్ తెరిచాడు. అక్కడ చెల్లే రుజువు వీడియో కాదు, మీటల ఫైలు. ఏ క్షణంలో ఏ మీట నొక్కారో మాత్రమే అందులో ఉంటుంది. దాన్ని మరొకరి కంప్యూటర్‌లో మొదటి నుంచి నడిపితే అదే ఆట మళ్లీ జరగాలి.

ఈ ఏర్పాటు లాభం ఏమిటో అండమాన్‌లోని షాదీపూర్‌ను తలచుకుంటే తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని పేట అది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఆ దీవుల ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు. అలాంటి చోట 11 నిమిషాల వీడియో దించుకోవడం ఓ తపస్సు. మీటల ఫైలు సంగతి వేరు. నింటెండో కంట్రోలర్‌కు ఉన్నవి 8 మీటలు, అంటే ఫ్రేమ్‌కు ఒక్క బైటు. సెకనుకు 60 ఫ్రేమ్‌ల చొప్పున మొత్తం ఆట 40 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ఓ చిన్న ఫోటో పాటి కూడా ఉండదు.

చిక్కల్లా ఫైలు గాడి తప్పినప్పుడే. మీటలన్నీ అవే. మారియో మాత్రం గోడకు తల బాదుకుంటూ నిలబడతాడు, లేదా గోతిలోకి నడిచి పోతాడు. దీన్నే డీసింక్ అంటారు. ఫైలులో మీటలు తప్ప మరేమీ లేవు కాబట్టి మిగతాదంతా, అంటే ఆట ప్రతి, ఎమ్యులేటర్ వెర్షన్, ఆన్ చేసినప్పటి మెమరీ, పాత సేవ్, గడియారం, రెండు వైపులా ఒకేలా ఉండాలి. జపాన్ ప్రతిలో రికార్డు చేసింది అమెరికా ప్రతిలో నడవదు. అందుకే ఎఫ్‌సీఈయూఎక్స్ ఎమ్యులేటర్ తన ఫైలులోనే వెర్షన్‌నూ, ఆట ప్రతి గుర్తునూ రాసిపెడుతుంది. వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి.

అవి సరిపోయినా గాడి తప్పితే అనుమానితులు మరికొందరున్నారు. తెర మీద పని ఎక్కువై ఆట ఒక ఫ్రేమ్‌లోగా లెక్కలు ముగించలేకపోతే ఆ ఫ్రేమ్‌లో మీటల వైపు చూడదు. ఈ ఆలస్యం రెండు ఎమ్యులేటర్లలో ఒక్క ఫ్రేమ్ తేడాగా వచ్చినా తర్వాతి మీటలన్నీ తప్పు సమయానికి పడతాయి. గేమ్‌క్యూబ్ ఆటలను నడిపే డాల్ఫిన్‌లో రెండు కోర్లు పనిచేస్తుంటే వాటి మధ్య వరుస ప్రతిసారీ ఒకేలా ఉండదు. కాబట్టి రికార్డింగ్‌కు ఒక్క కోరే మేలు. రికార్డు చేసేవారిని ఎక్కువగా ఏడిపించేది మాత్రం మధ్యలో దాచుకునే సేవ్‌స్టేట్. అది యంత్రం స్థితిలో ఏ చిన్న ముక్కను వదిలేసినా రికార్డు చేస్తున్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది. మొదటి నుంచి నడిపినప్పుడే బండారం బయటపడుతుంది.

ఇందులో దెబ్బ ఒకచోట తగిలితే నొప్పి మరోచోట తెలుస్తుంది. మారియో గోతిలో పడిన చోట తప్పు ఉండదు. అంతకు వెయ్యి ఫ్రేమ్‌ల ముందు యాదృచ్ఛిక సంఖ్య ఒకటి మారి ఉండొచ్చు. కళ్లను నమ్మకుండా మెమరీలోని విలువలను, అంటే మారియో స్థానం, యాదృచ్ఛిక సంఖ్య, ఆలస్యమైన ఫ్రేమ్‌ల లెక్క, రికార్డింగ్ నాటి వాటితో పోల్చాలి. సగం దగ్గర చూసి, సరిపోతే రెండో సగంలో, లేకుంటే మొదటి సగంలో వెతకాలి. 40 వేల ఫ్రేమ్‌లైనా 16 సార్లలో మొదటి తేడా దొరుకుతుంది. అప్పుడు గానీ దిద్దుబాటు మొదలుపెట్టకూడదు. కారణం తెలియకుండా ఓ ఖాళీ ఫ్రేమ్ ఇరికించి సరిపెడితే మరో కంప్యూటర్‌లో మళ్లీ మొదటికొస్తుంది. ప్రతి అంకం ముగిశాక ఫైలును మొదటి నుంచి నడిపి, ఓ నకలు దాచుకునేవారికి ఈ అగచాట్లు తక్కువ.

అసలు యంత్రం మీద ఇది మరీ కష్టం. సూపర్ నింటెండోలో శబ్దం చూసే ప్రాసెసర్‌కు వేరే గడియారం ఉంటుంది. అది యంత్రానికీ యంత్రానికీ కాస్త తేడాగా నడుస్తుంది. అయినా 2014 జనవరిలో ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే అమెరికా చారిటీ కార్యక్రమంలో టాస్‌బాట్ అసలు సూపర్ నింటెండోకే మీటలు అందించి, 'సూపర్ మారియో వరల్డ్' లోపల పాంగ్, స్నేక్ ఆటలను పుట్టించింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, 'డ్రాగ్‌స్టర్' ఉదంతం చూడొచ్చు. 1980 నాటి ఈ అటారీ ఆటలో 5.51 సెకన్ల రికార్డు 1982 నుంచి చెలామణి అయింది. 2017లో ఎరిక్ కోజీల్ ఆట కోడ్‌నే విప్పి చూసి, 5.57 కంటే తక్కువ కుదరదని లెక్క తేల్చాడు. 2018 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ ఆ రికార్డును కొట్టేసింది. మూడున్నర దశాబ్దాలు మాట మీద నిలిచినదాన్ని యంత్రం ఒప్పుకోలేదు.

మొరిమోతోను మోసగాడన్నవారికి కూడా జవాబు అదే. ఫైలు మొదటి ఫ్రేమ్ నుంచి చివరి దాకా ఎవరి దగ్గరైనా నడిస్తే అతనెవరు, ఎలా చేశాడన్న ప్రశ్న మిగలదు. నడవకపోతే ఎంత అందమైన వీడియో అయినా వీడియోగానే మిగులుతుంది.