ఇన్‌బాక్సులో మిగిలిపోయిన పాసు పుస్తకం

‘స్టోరేజీ నిండింది’ అన్న హెచ్చరిక రాగానే మనవాళ్లు రెండే పనులు చేస్తున్నారు. నెలనెలా డబ్బు కట్టి చోటు కొనుక్కుంటున్నారు, లేదంటే చేతికందిన మెయిళ్లు నాలుగు తీసేసి అప్పటికి గండం గడిచిందనుకుంటున్నారు. రెండూ అసలు సంగతిని వదిలేస్తున్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్ ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపి. దాన్ని నింపేది ఎక్కువగా వీడియోలూ ఫొటోలే. మనిషిని ముంచేది మాత్రం ఏ మూలనో పడివున్న ఆధార్ నకలు. అది పట్టే చోటు చాలా తక్కువ. అందుకే చోటు కోసం కాదు, గోప్యత కోసం ఇన్‌బాక్సు ఖాళీ చేయాలంటాను.

మన అనంతపురం జిల్లాలో పంటల బీమాకైనా, ఉద్యోగ దరఖాస్తుకైనా దారి నెట్ సెంటర్ మీదుగానే. ‘ఈ మెయిల్‌కు పంపన్నా, ప్రింటు తీసిస్తా’ అంటాడు కుర్రాడు. రైతు ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ పంపుతాడు. కాగితాలు చేతికొచ్చాయి, పని అయిపోయింది. కానీ ఆ మూడు పత్రాలూ రైతు సెంట్ ఫోల్డరులో ఒకసారి, సెంటర్ ఇన్‌బాక్సులో ఒకసారి, ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్లలో ఒకసారి మిగిలిపోతాయి. మెయిల్ ఖాతానే సెంటర్‌లో తెరిపించుకున్నవాళ్లకైతే పాస్‌వర్డూ, రికవరీ నంబరూ కూడా పరాయి చేతిలోనే.

‘మా మెయిల్లో దోచుకోవడానికి ఏముంది?’ అనేవాళ్లున్నారు. ఇంకొకరి పేరున అప్పు పుట్టించాలనుకునే మోసగాడు వెతికేది సరిగ్గా ఈ పత్రాలనే. ‘రేపు అవసరమైతే?’ అన్నది రెండో మాట. డిజీలాకర్‌లో శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలు అసలు కాగితంతో సమానంగా చెల్లుతాయి, వాటి ఫొటోలను మెయిల్లో దాచుకోనక్కర్లేదు. శుభ్రం చేసిపెడతామనే యాప్‌లకు తాళంచెవి ఇవ్వడం మరీ ప్రమాదం. పనికిరాని మెయిళ్లు వదిలిస్తామన్న ‘అన్‌రోల్ మీ’ సేవ, జనం ఇన్‌బాక్సుల్లోని రసీదుల సమాచారాన్ని పేర్లు తీసేసి అమ్ముకుందని 2017లో బయటపడింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై చర్య తీసుకుంది. కాబట్టి ఎవరి మెయిల్ వాళ్లే సర్దుకోవాలి. ముందు సెంట్ ఫోల్డరులో ఆధార్, పాన్, పాసు పుస్తకం అని వెతికి తీసేయాలి, ఆ తర్వాతే పెద్ద అటాచ్‌మెంట్లు. ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. లేకుంటే అవి 30 రోజులు అక్కడే ఉంటాయి, చోటూ మిగలదు.

అయితే భారమంతా రైతు మీదే మోపడం న్యాయం కాదు. పని తీరాక వ్యక్తిగత సమాచారం చెరిపేయాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. నెట్ సెంటర్లు అంతదాకా ఆగనక్కర్లేదు. ప్రింటు ఇచ్చిన వెంటనే కస్టమర్ కళ్ల ముందే ఫైలు తీసేయడానికి పైసా ఖర్చు లేదు.

భారం మోపడమంటే గుర్తొచ్చేది నీళ్ల సంగతి. 2025 ఆగస్టులో నీటి కొరత ముదిరినప్పుడు, పాత మెయిళ్లు తీసేస్తే డేటా సెంటర్లకు నీళ్లు ఆదా అవుతాయని బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండు జనానికి సలహా ఇచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే, బోరు మీద బోరు వేసి అప్పులపాలైన మన అనంతపురం రైతుకు ఆ సలహా చెప్పడానికి నోరెలా వస్తుంది? కదలకుండా పడివున్న మెయిల్ తాగే నీరు బహు స్వల్పం. రాత్రింబవళ్లు లెక్కలు కట్టే యంత్రాలను చల్లబరచడానికే అసలు ఖర్చు. విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. రానివ్వండి, ఉద్యోగాలూ రానివ్వండి. కానీ అది ఏడాదికి ఎన్ని నీళ్లు వాడుతుందో, ఎక్కడినుంచి తెస్తుందో ఏటేటా లెక్క చెప్పాలి. పొలంలో బోరు వేయాలన్నా అనుమతి అడిగే ప్రభుత్వం, ఆ లెక్కను కూడా అంతే గట్టిగా అడగాలి.