గది కడిగిన తర్వాత నిపుణులు వచ్చి ఏం లాభం?

చిక్కడపల్లి: అశోక్‌నగర్ హాస్టలు గదిలో లాప్‌టాప్ పోయిందంటే మొదట జరిగేది వెతుకులాట. గదిలో ఉండే నలుగురూ నాలుగు మంచాలూ ఎత్తి చూస్తారు. బీరువా తలుపు తీసి, మూసి, మళ్లీ తీస్తారు. హాస్టలు యజమాని వస్తాడు, వంటమనిషి వస్తుంది, పక్క గదుల వారు గుమ్మంలో మూగుతారు. చివరికి బ్లూ కోల్ట్స్ కానిస్టేబుల్ మోటారు సైకిలు దిగి మేడ ఎక్కేసరికి తలుపు పిడి మీద దొంగ వేలిముద్ర ఉన్నా, దాని మీద పదిమంది చేతులు పడి ఉంటాయి. ఇందుకు ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. వస్తువు పోయినవాడు వెతకకుండా ఉంటాడా?

అయితే మనిషి మరణించిన గదిలోనూ ఇదే తంతు జరుగుతున్నది. అక్కడ చెరిగిపోయే జాడతో పాటు, బిడ్డ ఎలా పోయిందో తెలుసుకునే అవకాశం కూడా తల్లిదండ్రులకు పోతున్నది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల ప్రత్యేకత ఏమంటే, ఇక్కడ ఉంటున్న వారిలో చాలామంది ఇక్కడి వారు కారు. సిటీ సెంట్రల్ లైబ్రరీని, కోచింగు సెంటర్లను నమ్ముకుని జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగార్థులు కొందరు, నారాయణగూడ కాలేజీలలో చదివేవారు కొందరు. సాయంత్రమయితే ఆర్‌టిసి క్రాస్ రోడ్సు సినిమా హాళ్ల జనం వేరే. హాస్టలులో మంచం ఖాళీ అయితే అది ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. సాక్షులు కాగల గదివాసులు పరీక్ష అయిపోగానే ఊళ్లకు వెళ్లిపోతారు. కనుక నేరస్థలం అనేది ఇక్కడ నిలిచి ఉండే వస్తువు కాదు. ఆ రోజు చూడనిది మళ్లీ చూడడానికి దొరకదు.

ఏడేళ్ల లెక్క

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షనులో ఒక మంచి నిబంధన చేరింది. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరం జరిగినట్లు సమాచారం అందితే, స్టేషను అధికారి ఫోరెన్సిక్ నిపుణుడిని నేరస్థలానికి రప్పించి ఆధారాలు సేకరింపజేయాలి. ఆ సేకరణను వీడియో తీయించాలి. ఇది ఏ తేదీ నుంచి తప్పనిసరి కావాలో రాష్ట్ర ప్రభుత్వాలు అయిదేళ్లలోగా ప్రకటించాలని కూడా చట్టంలో ఉన్నది. అంటే 2029 జూన్ ఆఖరు దాకా గడువు.

ఈ ఏడేళ్ల లెక్కను చిక్కడపల్లి వీధులకు అన్వయించి చూస్తే వింతగా ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షను ప్రకారం నివాస గృహంలో దొంగతనానికి ఏడేళ్ల దాకా శిక్ష. కాబట్టి హాస్టలు గదిలో లాప్‌టాప్ చోరీకి నిపుణుడు రావాలి. 304వ సెక్షను ప్రకారం గొలుసు లాక్కుపోవడానికి మూడేళ్ల దాకానే శిక్ష. కాబట్టి కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళుతున్న మహిళ మెడలో గొలుసు తెంచుకుపోతే నిపుణుడు రానక్కరలేదు. ఆమెను గాయపరిచి, అది దోపిడీ కేసు అయితే తప్ప!

అసలు లోపం మరొకచోట ఉన్నది. హాస్టలు గదిలో ఒక విద్యార్థి మరణించి కనిపించినప్పుడు మొదట నేరం నమోదు కాదు. 194వ సెక్షను కింద అనుమానాస్పద మరణంగా రాస్తారు. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174వ సెక్షనే. చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరి సమక్షంలో శవ పంచనామా జరుగుతుంది. నివేదిక 24 గంటలలో మేజిస్ట్రేటుకు వెళ్లాలి. పోస్టుమార్టం తర్వాత శవాన్ని బంధువులకు అప్పగిస్తారు. కాని నేరమంటూ లేదు కనుక ఏడేళ్ల లెక్క వర్తించదు. నిపుణుడు రావాలన్న నిర్బంధమూ లేదు.

నాలుగు రోజులు పోయాక తండ్రి ఊరి నుంచి వచ్చి, తన బిడ్డను ఫలానా వ్యక్తి వేధించాడని ఫిర్యాదు చేస్తాడనుకుందాం. ఆత్మహత్యకు పురికొల్పిన నేరానికి న్యాయ సంహిత 108వ సెక్షను కింద పదేళ్ల దాకా శిక్ష. అప్పుడు చట్టం మేలుకుంటుంది, నిపుణుడు రావాలంటుంది. ఆయన వచ్చేసరికి గది కడిగి ఉంటుంది. మంచం మీద కొత్త మనిషి ఉంటాడు.

పై అధికారులు తలచుకుంటే అనుమానాస్పద మరణం కేసులలోనూ నగర పోలీసుల క్లూస్ టీమును పంపవచ్చు, పంపుతూనే ఉన్నారు. కాని అది అధికారి విచక్షణ మీద ఆధారపడిన సంగతి. పెద్ద గొడవ జరిగిన చోటికి వెళ్లడం, గొడవ జరగని చోటికి వెళ్లకపోవడం అప్పుడు సహజమైపోతుంది. నోరున్న బంధువులు లేని మరణానికే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

గొడవ జరిగితే మాత్రం ఆధారాలకు మేలు జరుగుతుందని చెప్పలేము. 2023 అక్టోబరులో అశోక్‌నగర్ హాస్టలులో ఒక పోటీ పరీక్షల అభ్యర్థిని మరణించినప్పుడు అభ్యర్థులు వేల సంఖ్యలో రోడ్ల మీదికి వచ్చారు. ఎన్నికల వేళ కావడంతో మరణ కారణంపై రెండు వాదాలు బయలుదేరాయి. లేఖలో ఏమున్నదో, ఫోనులో ఏమున్నదో లాబరేటరీ చెప్పక ముందే వీధిలో తీర్పులు వెలువడ్డాయి. ఆ కుటుంబానికి అది రెండవ దెబ్బ.

ఇటువంటి మరణాలలో న్యాయస్థానాలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూస్తే తెలుస్తుంది. ఒక యువ గృహిణి మరణం హత్యా, ఆత్మహత్యా అన్నది అక్కడి ప్రశ్న. సందర్భ సాక్ష్యం మీదనే నడిచే కేసులో గొలుసులోని ప్రతి కొక్కీ కలవాలనీ, నేరం చేసి ఉండవచ్చు అనడానికీ చేసి ఉండాలి అనడానికీ ఎంతో దూరమున్నదనీ కోర్టు చెప్పి నిందితుడిని విడుదల చేసింది. ఆ దూరాన్ని తగ్గించగలిగినవి నేరస్థలంలో దొరికే చిన్న చిన్న వస్తువులే. అవి అపరాధిని పట్టిస్తాయి, నిరపరాధిని కాపాడతాయి కూడా.

జేబురుమాలు చేసే చేటు

క్రాస్ రోడ్సు హాళ్లలో తరతరాలుగా చూస్తున్న దృశ్యం ఒకటున్నది. సినిమా ఇన్‌స్పెక్టరు కత్తిని జేబురుమాలుతో పట్టి, చుట్టి, జేబులో వేసుకుంటాడు. నిజానికి వేలిముద్రను తుడిచివేయడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. చెమట, కొవ్వు పదార్థం కలిసి నునుపైన వస్తువు మీద వదిలే సన్నని పొర అది. గాజు, స్టీలు బీరువా, రంగు వేసిన తలుపు మీద పొడి చల్లి, టేపుతో ఎత్తవచ్చు. కాగితం మీదైతే నిన్‌హైడ్రిన్ ద్రావకంతో ఊదా రంగులో పైకి తేవచ్చు. గుడ్డ ఒరుసుకున్నదంటే ఇక చేసేదేమీ ఉండదు. వేలిముద్రల బ్యూరో ప్రపంచంలోనే మొట్టమొదట 1897లో మన కలకత్తాలో నెలకొల్పారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు దాని వర్గీకరణకు కష్టపడ్డారు. నూట ఇరవై ఏళ్లు దాటినా మనం తలుపు పిడి పట్టుకోవడం మానలేదు.

రక్తపు మరక అంటిన బట్టను పాలిథిన్ సంచీలో మూట కట్టడం మరో పొరపాటు. తడి లోపలే నిలిచి బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి, డిఎన్ఏ చెడిపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. ఖరీదైన పరికరమేదీ ఇందుకు అక్కరలేదు. ధూళిలో పడిన కాలిజాడ పై నుంచి చూస్తే కనిపించదు. గదిలో దీపం ఆర్పి, నేల మీద టార్చిలైటును ఏటవాలుగా వేస్తే పైకి తేలుతుంది. గది ముందు ఇరవై జతల చెప్పులు విడిచే హాస్టలులో ఆ జాడ ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న.

మొబైల్ ఫోను సంగతి ఇంకా సున్నితం. స్నేహితులు పాస్‌వర్డు తెలుసు కదా అని తెరిచి చదువుతారు, సందేశాలను తమ ఫోన్లకు పంపుకుంటారు. ఫోను చివరిసారి ఎప్పుడు ఎవరు వాడారన్న లెక్క అక్కడితో కలగాపులగమవుతుంది. ఇప్పుడు సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువ రాయాలి. అది ఆ ఫైలుకు వేసిన అంకెల ముద్ర. ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. లక్క సీలు చేసే పనినే ఇది చేస్తున్నది. కాని సీలు వేయకముందు చేయి పెట్టినవాడిని ఏ సీలూ పట్టించదు.

కెమెరా గడియారం

వీధిలో జరిగిన నేరాలలో ఇప్పుడు మొదటి సాక్షి సిసి కెమెరాయే. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ డబ్బా పోతే కెమెరాల దృశ్యాలను వెంబడించి పది రోజుల లోపలే దొంగలను పట్టుకున్నారు. అంత మంది సిబ్బందిని హాస్టలు లాప్‌టాప్ కోసం కేటాయించరు, కేటాయించలేరు కూడా.

2024 డిసెంబరు 4 రాత్రి చిక్కడపల్లి స్టేషను పరిధిలోని సంధ్య థియేటరు వద్ద 'పుష్ప 2' ప్రీమియర్ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. నటుడు అల్లు అర్జున్‌ను డిసెంబరు 13న అరెస్టు చేయగా హైకోర్టు అదే రోజు మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఎవరి బాధ్యత ఎంత అన్నది తేల్చవలసినది న్యాయస్థానం. ఇక్కడ గమనించవలసింది వేరు. వివాదమంతా నిమిషాల మీద నడిచింది. ఎవరు ఎప్పుడు వచ్చారు, జనం ఎప్పుడు తోసుకున్నారు అన్నదే ప్రశ్న. డిసెంబరు మూడవ వారం తర్వాత పోలీసు కమిషనరే పత్రికల వారికి వీడియో చూపించవలసి వచ్చింది. తొక్కిసలాట నటుడి రాకకు ముందే జరిగినట్లు చూపే తప్పుడు వీడియోలు తిరుగుతున్నాయని, చర్య తీసుకుంటామని పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది.

ఇటువంటి కేసులో కెమెరాలో బొమ్మ ఎంత ముఖ్యమో దాని మూలన కనిపించే గడియారం అంత ముఖ్యం. దుకాణం కెమెరా పది నిమిషాలు ముందు, ఎదురింటి కెమెరా అయిదు నిమిషాలు వెనుక ఉండడం మామూలే. రికార్డరు తీసుకునే ముందు దాని సమయాన్నీ సరైన సమయాన్నీ పంచనామాలో పక్కపక్కన రాయాలి. రాయకపోతే రెండు కెమెరాలు ఒకదానినొకటి అబద్ధమాడుతున్నట్లు కనిపిస్తాయి. డిఫెన్సు లాయరుకు అంతకంటే కావలసింది లేదు.

జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతున్నది. నూరుమంది పట్టని చిన్న హాస్టళ్ల రికార్డర్లలో డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. నాలుగు రోజుల తర్వాత వచ్చిన ఫిర్యాదు పదిహేను రోజులకు దర్యాప్తుకు అందితే చూడడానికి ఏమీ మిగలకపోవచ్చు.

మొదటి అరగంట

శాస్త్రానికి హైదరాబాదులో కొరత లేదు. రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్సు లాబరేటరీ రెడ్ హిల్స్‌లోనే ఉన్నది. హబ్సిగూడలోని సిసిఎంబిలో డాక్టర్ లాల్జీ సింగ్ 1988 ప్రాంతంలోనే స్వదేశీ డిఎన్ఏ పరీక్ష పద్ధతిని రూపొందించారు. దేశంలో ఎక్కడెక్కడి కేసులలోనో చిక్కుముడులు విడిపోయింది ఇక్కడే. చిక్కడపల్లి నుంచి రెడ్ హిల్స్‌కు ఆటోలో పోయిరావచ్చు. అయినా గదిలో జాడ చెరిగిపోతున్నదంటే లోటు ఆ మేడ మెట్ల దగ్గర ఉన్నదని అర్థం.

మొదట వచ్చే కానిస్టేబుల్ చేతిలో లాఠీతో పాటు ఒక టేపు చుట్ట, నాలుగు కాగితపు కవర్లు, ఒక తాళం ఉండాలి. ప్రాణం ఉన్న మనిషిని కాపాడడం అన్నిటికంటే ముందు. తర్వాత గది మూసి, లోపలికి ఎవరు వెళ్లారో పేర్లు రాసుకుని గుమ్మంలో నిలబడితే ఆయన పని సగం అయినట్లే. పంచాయతీదార్లుగా రావడానికి పక్క దుకాణాల వారు వెనుకాడుతున్నారు. కోర్టుల చుట్టూ తిరగాలన్న భయమే కారణం. వీడియో చిత్రణ వచ్చాక ఆ భారం కొంత తగ్గవలసి ఉన్నది.

పాతికేళ్ల లోపు యువకులు గానీ యువతులు గానీ హాస్టలు గదిలో మరణించినప్పుడు, కేసు ఏ సెక్షను కింద నమోదైనా క్లూస్ టీము తప్పనిసరిగా వెళ్లాలని ఆదేశం ఇవ్వడానికి చట్ట సవరణ అక్కరలేదు, పై అధికారి ఉత్తర్వు చాలు. గది తాళం పోస్టుమార్టం నివేదిక వచ్చేదాకా స్టేషనులో ఉంచమని హాస్టలు యజమానులకు చెప్పవచ్చు. నెల అద్దె పోతుందని వారు గొణుగుతారు, అది న్యాయమైన బాధే. హాస్టళ్ల సంఘాలతో మాట్లాడి దానికొక దారి చూడాలి.

అంతవరకు ఊరి నుంచి తెల్లవారు జామున బస్సు దిగే తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటున్నది. గాంధీ ఆస్పత్రికో ఉస్మానియాకో వెళ్లే ముందు, గది తెరవవద్దని, కెమెరా రికార్డరు భద్రపరచాలని తెల్లకాగితం మీద రాసి స్టేషనులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ ఘడియలో ఆ మాట వారికి గుర్తుండదు. వెంట వచ్చిన బంధువో, హాస్టలు స్నేహితుడో గుర్తు చేయాలి.