దుబాసి దాటించని మాట

'దుబాసి'కి మూలం సంస్కృత 'ద్విభాషి'. రెండు భాషలు తెలిసినవాడని అర్థం. కంపెనీ కాలపు మద్రాసులో ఆ మాట మారిపోయింది. దొరకు సరుకు కుదిర్చి, అప్పు పుట్టించి, అతని తరఫున బేరమాడేవాడు దుబాసి అయ్యాడు. కోర్టుల్లోనూ ఆ కుర్చీ చదువు అందిన కులాలకే దక్కింది. 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా ఉన్న వెన్నెలకంటి సుబ్బారావు బ్రాహ్మణుడు.

తర్వాత స్థిరపడిన 'అనువాదకుడు' వినయంగా కనిపిస్తాడు. అనువాదమంటే ఒకరు చెప్పినదాన్ని వెంట మళ్లీ చెప్పడం. అయితే ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో నిర్ణయించే అధికారం ఎక్కడికీ పోలేదు. అనువాద చరిత్రపై పరిశోధన చేస్తున్న నాకు ఆ అధికారం అండమాన్ విషయంలో స్పష్టంగా కనిపిస్తోంది.

2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. షెడ్యూల్డ్ కులాల జనాభా సున్నా. ఆ సున్నాకు అర్థం దళితులు లేరని కాదు, 341వ అధికరణ కింద ఆ కేంద్రపాలిత ప్రాంతానికి జాబితాయే లేదని. శ్రీకాకుళంలో ఎస్సీ అయిన మాల కుటుంబం సముద్రం దాటి అక్కడ స్థిరపడితే, వాళ్ల భాష లెక్కకెక్కుతుంది, కులం ఎక్కదు. వలస వెళ్లిన రాష్ట్రానికి ఆ హోదా వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక్కడ దుబాసి ప్రభుత్వమే. మనల్ని ఒడ్డు దాటిస్తూ ఒక మాటను మధ్యలో వదిలేసింది. కాగితంలో పేరు లేనంత మాత్రాన వివక్ష పోదు, దాన్ని ప్రశ్నించే హక్కు పోతుంది. మాటలు ఎలా మారాయో చదివే మనం, ఏ మాట దాటలేదో కూడా అడగాలి. అండమాన్‌కు ఎస్సీ జాబితా కావాలి.