ఓదార్పు మాటలకు జీతమివ్వరు

ఈ మధ్య గద్వాలలో జరిగిన ఒక సభలో వేదిక మీది పెద్దమనిషి ఇంటర్ పాసైన ఆడపిల్లలకు సలహా ఇచ్చాడు. "సైకాలజీ తీసుకోండమ్మా. ఓదార్చడం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుంది. ఇంట్లో కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పి సంపాదించుకోవచ్చు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో ఆ పిల్లల తల్లులూ ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ అయ్యాక ఆస్పత్రిలో రోగుల మధ్య రెండేళ్లు శిక్షణ పొందాలి. ఇన్నాళ్లూ ఎం.ఫిల్. అంటూ వచ్చింది దాన్నే. 1992 చట్టం కింద భారత పునరావాస మండలి నిర్వహించే రిజిస్టరులో పేరెక్కాలి. బడిలో వెనకబడ్డ పిల్లవాడిని పరీక్షించి, లోపం మేధలో ఉందా, చదివే తీరులో ఉందా, ఇంట్లో తింటున్న దెబ్బల్లో ఉందా తేల్చి చెప్పాలి. చావాలనుకుంటున్న మనిషిని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మొహం మీదే అడగాలి, అవునంటే తర్వాత ఏం చేయాలో తెలిసుండాలి. "ఛ, అట్లా అనొద్దు, అన్నీ సర్దుకుంటాయి" అన్నామో, ఆ మనిషి ఇక నోరు విప్పడు. మన ఊళ్లలో జరుగుతున్నది అదే.

ఆచార్య బీనా చింతలపురి పేరు ఆ వక్త విని ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఉస్మానియాలో సైకాలజీ ప్రొఫెసరుగా పనిచేసిన ఆమె తెలంగాణ జైళ్లలో 'ఉన్నతి' కార్యక్రమాన్ని నడిపారు. బయటికెళ్లిన ఖైదీ మళ్లీ నేరం చేసి తిరిగి రాకుండా, అతని ఆలోచించే తీరును మార్చడం దాని లక్ష్యం. చేయి లేవడానికి ముందు మనసులో ఏ మాట మెదిలింది, ఆ మాట నిజమేనా, అక్కడ ఇంకేం చేసి ఉండొచ్చు అని మనిషి తనను తాను పట్టుకునేలా చేయడం ఈ శాస్త్రంలో ఒక పద్ధతి. నేరం చేసి జైలుకొచ్చిన మనుషుల ఎదుట కూర్చుని ఆ పని చేయించిన స్త్రీని "ఓదార్చే ఆడమనిషి" అంటారా?

అమెరికాలో మేరీ కాల్కిన్స్‌కు జరిగింది చూడండి. హార్వర్డులో చదువంతా పూర్తిచేసి 1895లో డాక్టరేటు పరీక్షలోనూ నెగ్గింది. ఆడదన్న ఒక్క కారణంతో పట్టా ఇవ్వలేదు. 1905లో అమెరికన్ సైకాలజీ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. ఆనాడు "ఆడవాళ్లకు ఈ శాస్త్రం పట్టుబడదు" అన్నారు. ఈనాడు "ఇది ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుంది" అంటున్నారు. రెండు మాటలూ ఆడవాళ్లు పడే కష్టాన్ని లెక్కలోంచి తీసేసేవే.

ఇక నా అసలు కోపం ఫ్లెక్సీల మీద. వనపర్తిలో చూసినా, నాగర్‌కర్నూల్‌లో చూసినా పరీక్షల సీజను వస్తే చాలు, కోటు వేసుకున్న మనిషి బొమ్మ, కింద 'ప్రముఖ సైకాలజిస్టు, వ్యక్తిత్వ వికాస నిపుణులు' అని పెద్దక్షరాలు. ఏ విశ్వవిద్యాలయం, ఏ రిజిస్ట్రేషను అని అడిగేవాళ్లుండరు. మైకు పట్టుకుని పిల్లల్ని ఏడిపిస్తాడు, అమ్మానాన్నల కాళ్లు కడిగిస్తాడు, పుస్తకాలమ్మి వెళ్లిపోతాడు. ఆ రాత్రి హాస్టల్లో మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్న పిల్లను మళ్లీ పలకరించేవాడెవడు? ఆ పిల్ల ఇంట్లో కొట్టే తండ్రే ఉంటే, అతని కాళ్లే కడిగించారు కదా! ఆర్ఎంపీని కూడా 'డాక్టర్' అని నమ్మేస్తాం, అదే మన రోగం. చదువుకుని రిజిస్టరులో పేరున్న అమ్మాయి వస్తే మాత్రం "కౌన్సెలింగ్ మేడమ్" అని ఒక మూల కుర్చీ వేస్తారు.

అసలు అవసరం ఎక్కడుందో చూడాలంటే మా గట్టు మండలం వైపు రండి. సీడు పత్తి చేలలో సాయంత్రం పూట మొగ్గ రేకులు విప్పి, లోపలి పుప్పొడి కాడలను గోటితో తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి కీలాగ్రం మీద రుద్దుతారు. ఈ క్రాసింగు పనికి చిన్న వేళ్లు బాగుంటాయని ఆడపిల్లల్ని బడి మాన్పించి దింపిన చరిత్ర ఈ నడిగడ్డది. అడ్వాన్సు తండ్రి తీసుకుంటాడు, నడుము వంచేది కూతురు. ఇంకోవైపు ఆడపిల్లల్ని దేవత పేరిట అంకితమిచ్చే జోగిని ఆచారం. 1988లోనే చట్టం నిషేధించినా దాని గాయాలు మోస్తున్న ఆడవాళ్లు పాలమూరు అంతటా ఉన్నారు. వీళ్ల లోపల ఏముందో ఎవరు విన్నారు? నిద్ర పట్టకపోతే గాలి సోకిందంటారు, గట్టిగా ఏడిస్తే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి పంపాలంటారు.

పత్తి ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉంటుంది. చెన్నైలో 1986లో ఆత్మహత్యల నివారణ సంస్థ 'స్నేహ'ను స్థాపించిన లక్ష్మీ విజయకుమార్ మానసిక వైద్యురాలు, సైకాలజిస్టు కారు, అయినా చెప్పాలి: కడలూరు జిల్లా పల్లెల్లో రైతుల మందును ఊళ్లో ఒక చోట తాళమేసిన పెట్టెల్లో పెట్టించి చూశారామె. మనసు సంగతి తెలిసినవాళ్లు ఇట్లా పనిచేస్తారు.

పల్లెకు సైకాలజిస్టు దండగ అనేవాళ్లకు జవాబు ప్రభుత్వ కార్యక్రమంలోనూ చట్టంలోనూ ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది, ఆ బృందంలో క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, జనాభాకు తగినంతమంది నిపుణులను సమకూర్చుకోవడానికి ప్రభుత్వాలకు పదేళ్లు గడువిచ్చింది. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, ఆ తర్వాత గద్వాలకు వైద్య కళాశాలలు వచ్చాయి. సంతోషమే. కానీ ఈ మూడు జిల్లాల ఆడపిల్లలు క్లినికల్ సైకాలజీ కూడా చదివి, ఇక్కడి భాషలో ఇక్కడి ఆడవాళ్లతో మాట్లాడే రోజు రావాలి. దానికి స్కాలర్‌షిప్పా, కొత్త పోస్టులా, ముందు ఏది అన్నది పెద్దలు తేల్చుకోవాలి.

గట్టు తల్లులారా, మీ బిడ్డ సైకాలజీ చదువుతానంటే సులువైన చదువని పంపకండి, కష్టమైన చదువని తెలిసే పంపండి. ఫ్లెక్సీ మనిషి మీ బడికొస్తే రిజిస్ట్రేషను నంబరు అడగండి. ఇంట్లో ఎవరికైనా బతుకు మీద విరక్తి పుడితే 14416కి ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు. పైసా ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.