పాత రీసెట్ కంట్రోల్‌ను పీకేయవద్దు, సరిచేయించాలి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని పాత ఇళ్లు, అపార్ట్‌మెంట్లు చాలావాటికి చలికాలంలో వేడినీటి బాయిలరే ఆధారం. బేస్‌మెంట్‌లో కాగిన నీటిని పంపు గదుల్లోని రేడియేటర్లకు తోస్తుంది. బయటి చలిని బట్టి ఆ నీటి వేడిని పెంచి తగ్గించే పరికరం అవుట్‌డోర్ రీసెట్ కంట్రోల్. చాలా చోట్ల అది వైర్లు ఊడి, దుమ్ముపట్టి గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని వదిలేయకుండా, ఏటా బాయిలర్ సర్వీసులో భాగంగా పరీక్షించి పనిచేయించాలి.

రీసెట్ ఎందుకు?

ఇంట్లోంచి బయటికి పోయే వేడి లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. లోపల 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంచాలనుకుందాం. బయట 10 డిగ్రీలున్న రాత్రితో పోలిస్తే, 40 డిగ్రీలున్న రోజున సగం వేడి చాలు. రీసెట్ లేని బాయిలర్ మాత్రం అక్టోబరులోనూ జనవరిలోనూ నీటిని ఒకే 180 డిగ్రీలకు కాస్తుంది. సెగ తగ్గించడం తెలియక పొయ్యిని ఆర్పుతూ వెలిగిస్తూ వండినట్టు ఉంటుంది ఆ పద్ధతి. థర్మోస్టాట్ ఆపేశాక కూడా పోత ఇనుప రేడియేటర్‌లో మిగిలిన వేడి గదిని ఉక్కపోతకు గురిచేస్తుంది. చలికాలంలోనే కిటికీలు తెరుచుకుంటాయి. గ్యాస్ బిల్లు కట్టి వీధిని వెచ్చబెట్టడమే జరుగుతుంది.

పాత పరికరం పనితీరు

తొలినాటి కంట్రోళ్లలో ద్రవం నింపిన రెండు బల్బులు ఉంటాయి. ఒకటి బయటి గోడకు, రెండోది బాయిలర్ నుంచి వెళ్లే గొట్టానికి. బయటి బల్బు చల్లబడితే, బర్నర్ ఆగాల్సిన ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ రకాల్లో బల్బుల స్థానంలో సెన్సర్లు చేరాయి. రెండింటిలోనూ అసలు కీలకం రీసెట్ నిష్పత్తి. పైన ఉదాహరణగా చెప్పిన ఇంట్లో బయట 70 నుంచి 10కి, అంటే 60 డిగ్రీలు పడిపోతే, నీరు 70 నుంచి 180కి, అంటే 110 డిగ్రీలు పెరగాలి. బయట తగ్గే ప్రతి డిగ్రీకీ నీరు సుమారు 1.8 డిగ్రీలు పెరగాలన్నమాట.

ఎందుకు పక్కనపెట్టారు?

మొదటి కారణం, ఒక మోస్తరు చలిరోజుల్లో గదులు చాలినంత వెచ్చబడకపోవడం. పాత కంట్రోల్ సరళరేఖలో లెక్కవేస్తుంది. ఆ లెక్కన బయట 40 ఉన్నప్పుడు నీరు 125 ఉండాలి. కానీ రేడియేటర్ నీరు చల్లబడేకొద్దీ, అది ఇచ్చే వేడి అంతకంటే వేగంగా తగ్గుతుంది. నిజానికి కావలసింది సుమారు 135. దీనికి పరికరం విప్పేయనక్కర్లేదు, రేఖ మొత్తాన్ని కాస్త పైకి జరిపితే చాలు.

రెండోది సెన్సర్ ఉన్న చోటు. ఎండ తగిలే గోడ మీదో, బట్టల డ్రయ్యర్ గాలి వచ్చే చోటో బిగిస్తే, చలి లేదనుకుని కంట్రోల్ నీటి వేడి తగ్గిస్తుంది. ఉత్తరపు గోడ సరైన చోటు.

మూడోది బాయిలర్ భద్రత. సాధారణ పోత ఇనుప బాయిలర్‌కు తిరిగివచ్చే నీరు 130–140 డిగ్రీలకంటే చల్లగా ఉంటే, పొగలోని ఆవిరి లోపలే నీరై తుప్పు పట్టిస్తుంది. కాబట్టి కంట్రోల్‌లో కనీస హద్దు పెట్టాలి, లేదా వేడినీటిని చల్లటి నీటితో కలిపే మిక్సింగ్ వాల్వు అమర్చాలి. కండెన్సింగ్ బాయిలర్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సహజవాయువు పొగలో ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడిని పట్టుకోవడానికే అది పుట్టింది. దానికి రీసెట్ తీసేస్తే, ఎక్కువ డబ్బు పోసి కొన్న ప్రయోజనం పోతుంది.

నాలుగోది స్నానాల నీరు. బాయిలర్ లోపలి కాయిల్‌తోనే కుళాయి నీరు కాగే ఇళ్లలో నీటి వేడి తగ్గిస్తే స్నానం చల్లబడుతుంది. అలాంటి చోట మిక్సింగ్ వాల్వు గానీ, విడి ట్యాంకు గానీ కావాలి.

చట్టం వదిలిన ఖాళీ

అమెరికాలో 2007 ఇంధన చట్టం ప్రకారం, 2012 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే గృహ వేడినీటి బాయిలర్లు అవసరాన్ని బట్టి నీటి ఉష్ణోగ్రతను తమంతట తామే మార్చుకోగలగాలి. లోపలి కాయిల్ ఉన్నవాటికి మినహాయింపు ఉంది. అంతకుముందు తయారైన బాయిలర్లకు ఈ నియమం వర్తించదు. న్యూయార్క్ నగర నిబంధన ప్రకారం అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, పగలు బయట 55 డిగ్రీలకంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. కనీసం చెప్పిందే గానీ, అనవసరంగా వేడెక్కించడాన్ని అది అడ్డుకోదు. ఆ లోటు పూడ్చే పని ఇంటి యజమానులది, కాండో అసోసియేషన్లది. ఇల్లు వేడిచేసే అవసరమే లేని ఊళ్ల నుంచి వచ్చి న్యూజెర్సీలో పాత ఇల్లు కొనే తెలుగు కుటుంబాలకు ఈ పరికరం కొత్త. కొనేముందు జరిగే ఇన్‌స్పెక్షన్‌లోనే దాని సంగతి అడగాలి.

చేయవలసినవి

1. చలికాలం మొదలయ్యేలోపు రీసెట్ పనిచేస్తోందో లేదో టెక్నీషియన్‌తో చూపించి, సర్వీసు కాగితం మీద రాయించాలి.

2. ఒక మోస్తరు చలిరోజున, ఒక గడ్డచలి రోజున బయటి ఉష్ణోగ్రతను, బాయిలర్ నుంచి వెళ్లే నీటి వేడిని నమోదు చేయాలి. గడ్డచలిలోనే గదులు చల్లగా ఉంటే నిష్పత్తి పెంచాలి. ఒక మోస్తరు చలిలో చల్లగా ఉంటే రేఖను పైకి జరపాలి.

3. మార్పు కొద్దికొద్దిగా చేసి, ప్రతిసారీ ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి.

4. బాయిలర్ రకాన్ని బట్టి నీటి కనీస హద్దు నిర్ణయించి, పరికరం పక్కనే రాసి అతికించాలి.

5. బల్బు గొట్టం విరిగి ద్రవం కారిపోతే ఆ కంట్రోల్ ఇక పనికిరాదు. కొత్త ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టించాలి. పాతదానిలో పాదరసం స్విచ్ ఉంటే చెత్తబుట్టలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి.